శిల్పారామంలో ఒక పూర్తి రోజు: ప్రయాణం నుంచి రాత్రి ప్రదర్శన దాకా

హైదరాబాద్ మాదాపూర్‌లో ఉన్న హస్తకళల గ్రామం శిల్పారామానికి ఎక్కువమంది ఆదివారం సాయంత్రం ఐదు దాటాక వస్తారు. పిల్లలను కాసేపు ఆడించి, నాలుగు ఫోటోలు తీసుకుని, గాజుల దుకాణం దగ్గర అరగంట నిలబడి, చీకటి పడేసరికి ఇంటిదారి పడతారు. చాలా ఏళ్లు నేను కూడా అలాగే వెళ్లాను. ఒకసారి మాత్రం పనిదినాన మధ్యాహ్నం పన్నెండింటికి వెళ్లవలసి వచ్చింది. దారుల్లో జనం లేరు. ఒక స్టాలులో చేర్యాల నుంచి వచ్చిన చిత్రకారుడు నేలమీద కూర్చుని ముసుగుకు రంగు వేస్తున్నాడు. చింతగింజల గుజ్జు ఎలా తయారవుతుందని అడిగితే కుంచె పక్కన పెట్టి, గింజలు నానబెట్టే దగ్గర మొదలుపెట్టి గంటసేపు చెప్పాడు. అదే మనిషిని ఆదివారం సాయంత్రం అడిగి ఉంటే ధర తప్ప మరో మాట చెప్పే వీలు ఆయనకు ఉండేది కాదు.

అప్పటి నుంచి మా ఇంటికి ఎవరు వచ్చినా ఇదే చెబుతున్నాను. శిల్పారామంలో అన్నిటికంటే ముందు చూడవలసింది పనిచేస్తున్న చేతులను. ఆ చేతులకు తీరిక దొరికే వేళను బట్టి మిగతా రోజును అమర్చుకోవాలి. ఈ మార్గదర్శి అంతా ఆ లెక్కతోనే సాగుతుంది.

ఆరామం అంటే తోట. పేరుకు తగ్గట్టే ఇది చెట్ల మధ్య, బండరాళ్ల మధ్య పరుచుకున్న కళాగ్రామం. 1992లో సంప్రదాయ హస్తకళలకు ఒక నీడ కల్పించాలన్న ఆలోచనతో మొదలైంది. విస్తీర్ణం సుమారు 65 ఎకరాలు. పక్కనే కనిపించే సైబర్ టవర్స్ ప్రారంభమైంది 1998 నవంబరులో. అంటే ఐటీ నగరం లేచి నిలబడకముందే ఈ కళాగ్రామం ఆలోచన మొదలైంది. ఇవాళ చుట్టూ అద్దాల మేడలు పెరిగి, మధ్యలో ఈ పచ్చదనం మిగిలింది. లోపలికి అడుగుపెట్టగానే ఎండ తీవ్రత తగ్గినట్టు అనిపించడానికి కారణం ఆ చెట్లే.

1. ముందుగా తేదీ

శిల్పారామం సంవత్సరమంతా ఒకేలా ఉండదు. అన్నిటికంటే నిండుగా కనిపించేది డిసెంబరు రెండో సగంలో, అఖిల భారత హస్తకళల మేళా జరిగే రోజుల్లో. దేశంలోని అనేక రాష్ట్రాల కళాకారులు, నేతకారులు ఒకేచోట చేరతారు. కొనుగోలు ప్రధానమైతే ఆ పదిహేను రోజులకు సాటి లేదు. అయితే చివరి శని ఆదివారాలను వదిలేసి, మొదటి వారంలోని మంగళ, బుధవారాల్లో వెళ్లండి. సరుకు నిండుగా ఉంటుంది, అమ్మేవారికి ఓపిక ఉంటుంది.

సంక్రాంతి రోజుల సందడి వేరు. హరిదాసులు, గంగిరెద్దులు, ముగ్గులు, గొబ్బెమ్మలు. అపార్ట్‌మెంటులో పెరుగుతున్న పిల్లలకు పల్లె పండుగ చూపించాలంటే అప్పుడే తీసుకెళ్లాలి. జనం కిక్కిరిసి ఉంటారు కాబట్టి ఆ రోజు కొనుగోళ్ల ఆలోచన పెట్టుకోకండి. చిన్న పిల్లల జేబులో మీ ఫోను నంబరు రాసిన చీటీ పెట్టండి.

మామూలు రోజుల్లో వెళ్లేవారికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనుకూలం. ఏప్రిల్, మే నెలల్లో మిట్టమధ్యాహ్నం బండలు కాగిపోతాయి, ఆ నెలల్లో మూడున్నర తర్వాతే లోపలికి వెళ్లడం మేలు. వానాకాలంలో చెట్లు అందంగా ఉంటాయి గాని రాతి మెట్లు జారుతాయి.

ఇక వారంలో ఏ రోజు? నా సలహా శుక్రవారం లేదా శనివారం. కళాకారులతో మాట్లాడటానికి పనిదినం మంచిది, నృత్య ప్రదర్శనలు ఎక్కువగా వారాంతపు సాయంత్రాల్లో ఉంటాయి. రెండూ కలిసిరావాలంటే శనివారం ఉదయం తెరవగానే లోపల ఉండాలి. ప్రదర్శన అవసరం లేదనుకుంటే సోమవారం నుంచి గురువారం లోపు ఏ రోజైనా సరే. సాధారణంగా ఉదయం పదిన్నర ప్రాంతంలో తెరిచి, రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో మూస్తారు. ఉత్సవాల రోజుల్లో వేళలు, టికెట్టు ధరలు మారుతుంటాయి, ముందురోజు ఒకసారి సరిచూసుకోండి. అప్పుడే ఆ సాయంత్రం వేదిక మీద ఏముందో కూడా అడిగి తెలుసుకోండి. రోజు మొత్తాన్ని ఆ ఒక్క సమాచారం మీద అల్లుకోవచ్చు.

2. ముందురోజు రాత్రి చేయవలసిన పని

ఇంట్లో ఏం కావాలో చూసి రాసుకోండి. కర్టెన్లు కావాలంటే కిటికీ కొలతలు, మంచం దుప్పటి కావాలంటే మంచం కొలతలు, గోడకు చిత్రం కావాలంటే ఆ గోడ ఖాళీ ఎంతో. ఇది చిన్న విషయంలా ఉంటుంది. కొలత లేకుండా కొన్న కలంకారీ గుడ్డ మా ఇంట్లో రెండేళ్లు బీరువాలోనే ఉండిపోయింది, అంత చక్కని పని ఎవరి కంటా పడకుండా.

డబ్బు విషయంలో నగదు కొంత తప్పకుండా ఉంచుకోండి. ఫోను ద్వారా చెల్లింపులు దాదాపు అందరూ తీసుకుంటారు, కాని ఆదివారం రద్దీలో సిగ్నల్ సరిగా అందని సందర్భాలు వస్తాయి. రెండు గట్టి గుడ్డ సంచులు, పెళుసు వస్తువులు చుట్టడానికి పాత తువ్వాలు ఒకటి, మంచినీళ్లు, టోపీ లేదా గొడుగు. నడక ఎక్కువ కాబట్టి వాడి మెత్తబడిన చెప్పులే వేసుకోండి.

3. చేరుకోవడం

మెట్రో అన్నిటికంటే హాయి. నాగోల్ నుంచి రాయదుర్గం వెళ్లే నీలం లైనులో హైటెక్ సిటీ స్టేషనులో దిగితే అక్కడి నుంచి నడిచి వెళ్లవచ్చు. అమీర్‌పేట నుంచి ఇటు మెట్రో 2019 మార్చిలో వచ్చింది. ఎర్ర లైనులో వచ్చేవారు అమీర్‌పేటలో మారితే చాలు. సికింద్రాబాద్ రైల్వే స్టేషనులో దిగినవారు సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రో స్టేషనులో ఎక్కితే మారే పని కూడా లేదు.

ఒక జాగ్రత్త. హైటెక్ సిటీ పేరుతోనే ఎంఎంటీఎస్ (నగర లోకల్ రైలు) స్టేషను ఒకటి ఉంది. అది వేరే చోట, శిల్పారామానికి కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉంది. పేరు చూసి అక్కడ దిగిన బంధువుల కోసం నేను మెట్రో స్టేషను ముందు గంటసేపు ఎదురుచూశాను. ఎంఎంటీఎస్‌లో వస్తే అక్కడి నుంచి ఆటో ఎక్కాలని ముందే చెప్పండి.

సొంత కారులో వచ్చేవారు పనిదినాల్లో సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా సైబర్ టవర్స్ కూడలి ఎలా ఉంటుందో గుర్తుంచుకోవాలి. ఆఫీసులు వదిలే వేళ అది. ఉదయం పదకొండుకు వచ్చి రాత్రి ఎనిమిదిన్నరకు బయటపడితే రెండు రద్దీలూ తప్పుతాయి.

4. మొదటి గంట: పల్లె ప్రదర్శనశాల, బండలు

టికెట్టు తీసుకోగానే దుకాణాల వరుస పిలుస్తుంది. దాన్ని దాటి ముందు గ్రామీణ ప్రదర్శనశాలకు వెళ్లండి. మట్టి గోడలు, గడ్డి కప్పులు, వాటిలో నిలువెత్తు బొమ్మలు. కుమ్మరి, నేతకారుడు, ఇంటిపనుల్లో మునిగిన ఆడవాళ్లు. బొమ్మల ముందు ఫోటో దిగి కదిలిపోవడం సులువు. నేను అడిగేది కాసేపు వాళ్ల పనిముట్లను చూడమని. మగ్గం ముందు కూర్చున్న మనిషి కాళ్లు ఎక్కడ ఉన్నాయి? కుమ్మరి చేయి మట్టికి ఏ వైపు ఆనింది? ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ఇక్కడ వాళ్లను మాట్లాడనివ్వండి. రోలు, తిరగలి, కవ్వం, జల్లెడ చూసి మా అమ్మ చెప్పిన సంగతులు మా పిల్లలకు ఏ పుస్తకంలోనూ దొరకవు. ఈ గంట తర్వాత స్టాళ్లలోకి వెళ్తే ప్రతి వస్తువు వెనక ఉన్న పనిముట్టు కంటికి కనిపిస్తుంది.

తర్వాత బండల వైపు నడవండి. హైదరాబాద్ కింద ఉన్న గ్రానైటు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. ఎండ, వాన, గాలి కలిసి వాటిని గుండ్రంగా చెక్కి, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు నిలబెట్టాయి. ఒకప్పుడు మాదాపూర్, గచ్చిబౌలి అంతటా ఇవే ఉండేవి. మేడల కోసం ఎన్నో పేలిపోయాయి. శిల్పారామం లోపల మిగిలినవాటిని చేత్తో తాకి చూడవచ్చు. ఈ ఊరి మొదటి శిల్పాలు ఇవే అని నాకు అనిపిస్తుంది.

5. కొనకుండా ఒక చుట్టు

ఇప్పుడు స్టాళ్లు. మొదటి చుట్టులో ఏదీ కొనకండి. సంచి బరువెక్కితే కాళ్లు తొందరపడతాయి, చేతిలో డబ్బు తగ్గితే కళ్లు ధర మీదికే పోతాయి. ప్రతి స్టాలు ముందు ఆగి రెండు సంగతులు గమనించండి. అక్కడ కూర్చున్నది చేసిన మనిషా, తెచ్చి అమ్మే మనిషా? స్టాలులో సగం తయారైన వస్తువు ఏదైనా ఉందా?

రెండో ప్రశ్న ఎన్నడూ గురి తప్పలేదు. చేసే మనిషి దగ్గర ఏదో ఒకటి అసంపూర్ణంగా ఉంటుంది. సగం అల్లిన బుట్ట, ఒక కన్నే గీసిన ముసుగు, రంగు వేయని బొమ్మ. అన్నీ పూర్తయి, ప్లాస్టిక్ కవర్లలో వరుసగా ఉన్నాయంటే ఆయన వ్యాపారి అయి ఉండవచ్చు. వ్యాపారి దగ్గర కొనడం తప్పు కాదు, ఆయన కూడా ఇల్లు గడుపుకోవాలి. ఎవరి దగ్గర కొంటున్నామో తెలిసి కొనాలి, అంతే. కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయం కళాకారులకు పహచాన్ గుర్తింపు కార్డులు ఇస్తుంది. మర్యాదగా అడిగితే చాలామంది సంతోషంగా చూపిస్తారు. కొన్ని స్టాళ్లు కొద్ది రోజులకే కేటాయిస్తారు కాబట్టి ఈ నెల చూసిన మనిషి వచ్చే నెల ఉండకపోవచ్చు. నచ్చిన వారి ఊరు, ఫోను నంబరు అడిగి రాసుకోండి.

6. వస్తువును చదవడం

రోజులో ఎక్కువ సమయం ఇక్కడే గడపండి, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా. స్టాళ్లలో తీరిక ఉండే వేళ అదే.

పోచంపల్లి ఇక్కత్‌తో మొదలుపెడదాం. 2005లో భౌగోళిక గుర్తింపు పొందిన నేత ఇది. ఇందులో బట్ట నేసిన తర్వాత రంగు వేయరు. ముందే నూలుకు అక్కడక్కడా ముడులు కట్టి రంగుల్లో ముంచుతారు, ముడి కింద రంగు అంటదు. అలా మచ్చలు మచ్చలుగా రంగు పట్టిన పోగులను మగ్గం మీద సరిగ్గా కలిపితే బొమ్మ తేలుతుంది. అందుకే అసలు ఇక్కత్‌లో బొమ్మ అంచులు నీళ్లలో కరిగినట్టు కాస్త చెదిరి ఉంటాయి, బట్ట తిరగేసినా బొమ్మ అంతే గాఢంగా కనిపిస్తుంది. అచ్చు వేసిన నకిలీలో అంచులు కత్తిరించినట్టు ఉంటాయి, వెనక వైపు వెలిసిపోయి ఉంటుంది. ఒక పోగు బయటికి లాగి చూడండి. దాని పొడవునా రంగులు మారుతూ, ఆ రంగు పోగు చుట్టూ లోపలి దాకా పట్టి ఉంటే అది ఇక్కత్. ఒకసారి రోడ్డు పక్క దుకాణంలో ఇక్కత్ అని నమ్మి నేను కొన్న దుపట్టా ఇంటికి వచ్చాక తిరగేస్తే తెల్లగా ఉంది. ఈ పరీక్ష అప్పుడు తెలిసి ఉంటే మోసపోయేదాన్ని కాదు.

ధర ఎక్కువ అనిపిస్తే ఆసు పని గురించి అడగండి. పేక నూలును, అంటే బట్టలో అడ్డంగా వెళ్లే నూలును, ముడులు కట్టే ముందు మేకుల చుట్టూ అటూ ఇటూ చుట్టాలి. ఒక్క చీర కోసం చేయి సుమారు 9,000 సార్లు కదలాలి. ఇళ్లలో ఈ పని ఆడవాళ్లదే. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999లో యంత్రం తయారుచేసి దానికి ఆమె పేరే పెట్టారు. అదే లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఈ సంగతి తెలిశాక చీర ధరను నేను వేరుగా చూస్తాను. పుట్టపాక తేలియా రుమాలు కనిపిస్తే ముక్కు దగ్గర పెట్టుకోండి. నూలును నూనెలో నానబెట్టే ఆ పద్ధతి వాసన కొత్త బట్టలో తెలుస్తుంది.

ఏ చేనేత బట్టకైనా మరో గుర్తు ఉంది. అంచుల వెంట సన్నని సూది రంధ్రాలు వెతకండి. మగ్గం మీద బట్ట ముడుచుకుపోకుండా సాగదీసి పట్టుకునే ములుకుల గుర్తులవి. పట్టు అని చెబితే సిల్క్ మార్కు, చేనేత అని చెబితే హ్యాండ్లూమ్ మార్కు ఉన్నాయేమో చూడండి.

కలంకారీలో రెండు దారులున్నాయి. శ్రీకాళహస్తిది కలంతో గీసే పని, పెడనది చెక్క అచ్చులతో వేసే పని. రెండూ గొప్పవే, కాని ధరలు ఒకటి కావు. శ్రీకాళహస్తి పనిలో ఒకే పువ్వు రెండుసార్లు అచ్చంగా ఒకేలా రాదు, గీత ఒకచోట లావై మరోచోట సన్నబడుతుంది. అచ్చు పనిలో బొమ్మ కొలిచినట్టు తిరిగి వస్తుంది, రెండు అచ్చులు కలిసేచోట చిన్న తేడా దొరుకుతుంది. బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెడతారు. ఇనుము, బెల్లం రోజుల తరబడి పులియబెట్టి నలుపు చేస్తారు. ఎరుపు నిలవడానికి పటిక కావాలి. స్టాలులో ఉన్నవారిని "నలుపు ఎలా చేస్తారండీ?" అని అడగండి. చేసే మనిషి అయితే బెల్లం దగ్గర మొదలుపెడతారు.

కొయ్య బొమ్మల దగ్గర ఒకదాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూడండి. కొండపల్లి బొమ్మ తెల్ల పొణికి కర్రతో చేస్తారు కాబట్టి ఆశ్చర్యపడేంత తేలిక. చేతులు, కాళ్లు వేరుగా చెక్కి, చింతగింజల గుజ్జు, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఏటికొప్పాక బొమ్మ తీరు వేరు. అంకుడు కర్రను తిప్పుతూ, లక్క రంగు అద్ది మెరుగు తెస్తారు, అతుకులు తక్కువ. చెట్ల బెరళ్లు, గింజలు, ఆకుల నుంచి తీసిన రంగులను అక్కడ తిరిగి నిలబెట్టిన వారిలో సి.వి. రాజు ఒకరు, 2023లో పద్మశ్రీ అందుకున్నారు. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు బొమ్మ కొంటున్నారా? సహజ రంగులా అని తప్పక అడిగి తీసుకోండి. అంచులు నునుపుగా ఉన్నాయో లేదో వేలితో తడిమి చూడండి.

చేర్యాల నకాషీ చిత్రాన్ని గుర్తుపట్టడానికి ఎర్రటి నేపథ్యం చాలు. ఒకప్పుడు ఇవి గోడకు తగిలించేవి కావు. గజాల పొడవున చుట్టిన పటాలు, కులపురాణాలు చెప్పే కథకులు ఊరూరా విప్పుతూ పాడేవారు. ఖాదీ బట్టకు చింతగింజల గుజ్జు, తెల్లమట్టి, జిగురు పూసి ఆరబెట్టి దాని మీద గీస్తారు. మీరు కొనే చిన్న ముక్కలో ఏ కథ ఉందో అడిగి, ఫోనులో రికార్డు చేసుకోండి. కథ లేకుండా ఇంటికి తెస్తే సగం చిత్రమే తెచ్చినట్టు.

తోలుబొమ్మ దొరికితే వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. మేకతోలు పలుచగా పారదర్శకంగా మారి, రంగులు దీపంలా వెలుగుతాయి. నిమ్మలకుంట కళాకారులు ఇప్పుడు అదే పనితో దీపపు తెరలు కూడా చేస్తున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది.

లోహపు పనుల్లో పెంబర్తి ఇత్తడి రేకును వెనక నుంచి కొట్టి ముందుకు బొమ్మ తేలుస్తారు. తిప్పి చూస్తే లోపల గుంటలు కనిపించాలి. ఆదిలాబాద్‌లో ఓజులు అనే లోహ కళాకారులు డోక్రా బొమ్మను మైనంతో చేసి, మట్టి కప్పి, మైనం కరిగించి ఆ ఖాళీలో ఇత్తడి పోస్తారు. అచ్చు పగలగొట్టి బొమ్మను బయటికి తీయాలి కాబట్టి దానికి కవల ఉండదు. వరుసగా పది ఒకేలా ఉంటే అనుమానించండి.

7. బేరం

బేరం ఆడవద్దని నేను చెప్పను. తెచ్చి అమ్మేవారి దగ్గర ధర తగ్గించి అడగడం మన అంగడి పద్ధతే. కాని మీ కళ్లముందు చేసిన మనిషి దగ్గర సగానికి అడగకండి. నేను పాటించే పద్ధతి ఇది: ముందు "ఇది చేయడానికి ఎన్ని రోజులు పట్టింది?" అని అడుగుతాను. ఆ రోజులను ఒక మేస్త్రీ రోజు కూలితో గుణిస్తాను. చెప్పిన ధర దానికి అటూ ఇటూగా ఉంటే మారు మాట్లాడకుండా ఇచ్చేస్తాను. ఇంకా తగ్గించి అడగాలనిపిస్తే రెండు వస్తువులు తీసుకుని "రెండూ కలిపి ఎంతకు ఇస్తారన్నా?" అంటాను. ఆయనకు గిట్టుబాటు, నాకు సంతోషం.

ఫోటో తీసే ముందు తప్పకుండా అడగండి. నమూనాలను ఫోటో తీసుకెళ్లి యంత్రాల మీద అచ్చు వేయించే వాళ్లున్నారు. ఎవరైనా వద్దంటే దాని వెనక ఒక నష్టం కథ ఉంటుంది.

విదేశాల్లో ఉండే మనవాళ్ల కోసం కొంటుంటే ఒక మాట. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వెళ్లేవారు కొయ్య బొమ్మలు, తోలుబొమ్మలు, వెదురు, గింజల దండలు అన్నిటినీ విమానాశ్రయంలో ముందే ప్రకటించాలి. చెప్పి చూపిస్తే చాలావరకు ఇబ్బంది ఉండదు, దాస్తే జరిమానా. పురుగు తొలిచిన రంధ్రాలున్న కర్ర వస్తువును అసలే తీసుకెళ్లకండి. పంపడానికి సులువైనవి బట్టలు, చుట్టగా చుట్టిన చేర్యాల పటాలు.

8. విశ్రాంతి

మూడు దాటాక కాళ్లు లాగుతాయి. లోపల తినడానికి చోట్లున్నాయి, సెలవు రోజుల్లో మాత్రం ఒంటిగంటకు ముందే లేదా మూడు తర్వాత తినడం మంచిది. పిల్లలకు ఈ వేళ పడవ షికారు, ఆటస్థలం. పెద్దవాళ్లను ఎక్కువ దూరం నడిపించకండి. నేల కొన్నిచోట్ల ఎగుడుదిగుడు, మెట్లున్నాయి. వాళ్లకు వేదిక దగ్గరలో నీడ చూసి కూర్చోబెట్టి, మీరు రెండో చుట్టుకు వెళ్లి ఎంచుకున్నవి కొని రండి. పెళుసు వస్తువులు చివరగా.

9. సాయంత్రం వేదిక

ప్రదర్శన మొదలయ్యే అరగంట ముందే ఆరుబయటి రంగస్థలం మెట్ల మీద చోటు చూసుకోండి. మరీ ముందు కూర్చుంటే నర్తకుల పాదాలు సరిగా కనిపించవు. నాలుగైదు వరుసల పైన, మధ్యలో కూర్చుంటే అడుగుల అల్లిక మొత్తం తెలుస్తుంది.

కూచిపూడి అయితే తరంగం కోసం ఎదురుచూడండి. నర్తకి ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి, పళ్లేన్ని పాదాలతో కదిలిస్తూ తాళం తప్పకుండా ఆడుతుంది. భామాకలాపం అయితే సత్యభామ జడను గమనించండి, ఆమె అభిమానం అంతా ఆ జడలో ఉంటుంది. కూచిపూడి నాటకం నుంచి పుట్టినది కాబట్టి పాత్ర తన పేరు తానే చెప్పుకుంటూ ప్రవేశిస్తుంది, మాట్లాడుతుంది. భరతనాట్యంతో తేడా అక్కడే పట్టుకోవచ్చు. పేరిణి అయితే మృదంగం దెబ్బకు పాదాలు నేలను అదరగొడతాయి. యుద్ధానికి వెళ్లే వీరులు శివుడి ముందు ఆడిన నృత్యంగా దీన్ని చెబుతారు. కాకతీయుల తర్వాత మరుగున పడ్డ ఆ నృత్యానికి రామప్ప గుడి శిల్పాల ఆధారంగా తిరిగి రూపం ఇచ్చినవారు నటరాజ రామకృష్ణ. ఒగ్గు కథ ఉన్న రోజు దొరికితే అదృష్టం. ఒక్క కథకుడే క్షణంలో తల్లిగా, మరుక్షణం బిడ్డగా మారిపోతాడు.

చాలాసార్లు వేదిక మీద ఉండేది నేర్చుకుంటున్న పిల్లలు. ఎక్కడో ఒక అడుగు తడబడుతుంది. ఫోను పక్కన పెట్టి చూడండి, గట్టిగా చప్పట్లు కొట్టండి. మొదటిసారి అంతమంది ముందు ఆడుతున్న పిల్లకు మీ చప్పట్లే గుర్తుంటాయి. మధ్యలో లేవవలసి వస్తే ఒక అంశం ముగిశాకే లేవండి.

10. ఇంటికి తెచ్చాక

ఇక్కత్, కలంకారీ మొదటి రెండు మూడుసార్లు విడిగా, చల్లని నీళ్లలో ఉతికి నీడలో ఆరవేయండి. నానబెట్టకండి, పిండకండి. కొండపల్లి బొమ్మకు తడి తగలనివ్వకుండా పొడి కుంచెతో దులపండి. ఏటికొప్పాక లక్క బొమ్మను పొయ్యి దగ్గర, ఎండ పడే కిటికీలో పెట్టకండి, లక్క వేడికి మెత్తబడుతుంది. చేర్యాల పటానికి అద్దం వేయించేటప్పుడు చిత్రం అద్దానికి అంటకుండా మధ్యలో ఖాళీ ఉంచమని చెప్పండి. నల్లని లోహం మీద వెండి పొదిగే బీదర్ పని వస్తువు కొని ఉంటే నలుపు వెలిసినప్పుడు కాస్త కొబ్బరినూనె రాసి మెత్తని గుడ్డతో తుడిస్తే మళ్లీ నిగారిస్తుంది.

కొన్న ప్రతి వస్తువుకు చిన్న కాగితం కట్టండి. చేసిన వారి పేరు, ఊరు, కొన్న తేదీ, ఆయన చెప్పిన ఒక్క వాక్యం. తర్వాత ఎప్పుడైనా పోచంపల్లికో, చేర్యాలకో, పెంబర్తికో ప్రయాణం పెట్టుకున్నప్పుడు ఆ కాగితమే చిరునామా అవుతుంది. మేము అలాగే ఒకసారి చేర్యాల వెళ్లాం. ముసుగు చేసిన ఆ పెద్దాయన ఇంటి ముందు అరుగు మీద కూర్చుని, ఆ రోజు పూర్తి చేయని ముసుగు తర్వాత ఏమైందో చెప్పాడు.